మోడల్ రాకెట్ కట్టడం: బల్సా రెక్క నుంచి చివరి కోటు దాకా

దీపావళికి మనం వదిలే తారాజువ్వ పైకి వెళ్ళి మాయమవుతుంది. మోడల్ రాకెట్ తిరిగొస్తుంది. పైన పారాచూట్ విచ్చుకుంటుంది, రాకెట్ ఊగుతూ నేలకు దిగుతుంది, మీరు పరుగెత్తి తెచ్చుకుని ఇంకో ఇంజన్ పెట్టి మళ్ళీ వదులుతారు. మళ్ళీ మళ్ళీ ఎగరాల్సిన వస్తువు కాబట్టే దాన్ని శ్రద్ధగా కట్టాలని, చూడముచ్చటగా రంగు వేయాలని అనిపిస్తుంది.

మేము టెక్సస్‌లో ఉంటాం. మా అమ్మాయి ఐదో తరగతిలో ఉండగా మొదలుపెట్టిన ఈ పని ఇప్పుడు మా ఇంట్లో శనివారాల అలవాటు. గరాజ్‌లో వరసగా నిలబెట్టిన రాకెట్లు చూసి స్నేహితులు ముందుగా అడిగేది "ఇంత నున్నగా ఎలా వచ్చింది, ఏ పెయింట్ వాడారు?" అనే. పెయింట్ మామూలుదే, హార్డ్‌వేర్ షాపులో దొరికే స్ప్రే డబ్బా. ఆ నునుపు రంగు వేయకముందే వచ్చేస్తుంది. లప్పం పెట్టడం, రుద్దడం, ఆరనివ్వడం: ఈ మూడింటి దగ్గర తొందరపడకపోతే రంగు దానంతట అదే బాగా పడుతుంది. అందుకే ఇక్కడ వాటి గురించే ఎక్కువగా చెబుతాను.

ఇంజన్ మాత్రం మీరు చేయకూడదు

ఈ హాబీ పుట్టిన కథ తెలిస్తే మొదటి నియమం ఎందుకు వచ్చిందో అర్థమవుతుంది. నెబ్రాస్కాలోని నార్ఫోక్ ఊళ్ళో చెప్పుల దుకాణం నడిపే ఆర్విల్ కార్లైల్ అనే ఆయన, సోదరుడు రాబర్ట్‌తో కలిసి 1954లో చిన్న కాగితపు రాకెట్లు, వాటిలో పెట్టి తీసేయగల ఇంజన్లు తయారుచేశాడు. 1957లో తొలి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరింది. అమెరికా పిల్లలు ఇళ్ళలో రసాయనాలు కలిపి రాకెట్లు చేయబోయి చేతులు కాల్చుకునే రోజులవి. వైట్ శాండ్స్ క్షిపణి పరీక్షా కేంద్రంలో పనిచేసిన జి. హ్యారీ స్టైన్, కార్లైల్ పద్ధతిని ఆ ఏడాదే అందరి ముందుకూ తెచ్చాడు. ఆ తర్వాత కొలరాడోలో వెర్న్ ఎస్టెస్ ఇంజన్లను వేగంగా తయారుచేసే యంత్రం కట్టాడు. దాని పేరు మేబెల్. మందు కూరే పని ఫ్యాక్టరీది, రాకెట్ కట్టే పని పిల్లలది అనే విభజన అక్కడ స్థిరపడింది. ఈ హాబీ ఇన్నేళ్ళు క్షేమంగా సాగడానికి కారణం అదే. ఇంజన్‌ని కొనండి. విప్పకండి, తిరిగి నింపకండి.

హైదరాబాదులో ఉన్న మా తమ్ముడి కొడుకు "పెదనాన్నా, వచ్చేటప్పుడు ఇంజన్లు తెస్తావా?" అని అడిగాడు. తేలేను. మోడల్ రాకెట్ ఇంజన్లను విమానంలో చేతి సంచిలోనూ పెట్టకూడదు, చెక్-ఇన్ సూట్‌కేస్‌లోనూ పెట్టకూడదు. ఇండియాలో అవి పేలుడు పదార్థాల చట్టం పరిధిలోకి వస్తాయి, లైసెన్సుల వ్యవహారం. టపాకాయల మందు తీసి గొట్టంలో కూరదామన్న ఆలోచన ఎవరికైనా వస్తే దయచేసి అక్కడే ఆపేయండి. అతనికి ఇంజన్ లేకుండా కొత్త కిట్ ఒకటి తీసుకెళ్ళాను. కట్టి, రంగు వేసి షెల్ఫ్‌లో పెట్టుకున్నాడు. ఎగరేయాలన్న సరదా కోసం కూల్‌డ్రింక్ సీసాలో సగం లోపు నీళ్ళు పోసి, సైకిల్ పంపుతో గాలి కొట్టి వదిలే వాటర్ రాకెట్ చేసుకున్నాడు. కింద చెప్పే రెక్కల పని, రంగు పని షెల్ఫ్‌లో పెట్టే రాకెట్‌కీ అచ్చంగా పనికొస్తాయి.

ఏ కిట్ తీసుకోవాలి

మొదటిసారికి నేను చెప్పేది ఎస్టెస్ వారి బిగ్ బర్తా. రెండడుగుల పొడవు, అంగుళంన్నర దాటిన లావు, బల్సా అనే చాలా తేలికైన చెక్కతో నాలుగు పెద్ద రెక్కలు, 18 అంగుళాల పారాచూట్. దశాబ్దాలుగా అమ్ముతున్న డిజైన్. లావుగా ఉంటుంది కాబట్టి మెల్లగా లేస్తుంది, పిల్లలకు కళ్ళారా కనిపిస్తుంది. పెద్ద రెక్కల మీద లప్పం పని నేర్చుకోవడం కూడా తేలిక. ప్లాస్టిక్ రెక్కలున్న చిన్న కిట్లు అరగంటలో తయారవుతాయి గానీ వాటితో చేతికి పని రాదు.

కిట్‌తో పాటు పసుపు రంగు వుడ్ గ్లూ, కొత్త బ్లేడు పెట్టిన హాబీ కత్తి, 220, 400 నంబర్ల సాండ్‌పేపర్ (మన వడ్రంగులు ఉప్పు కాగితం అంటారు), నీళ్ళతో కలిసే వుడ్ ఫిల్లర్, ప్రైమర్ డబ్బా, రంగు డబ్బాలు, మంచి మాస్కింగ్ టేప్ కావాలి. ముక్కుకు కట్టుకునే మాస్క్ మర్చిపోవద్దు. బల్సా పొడి చాలా మెత్తగా లేస్తుంది. రుద్దే పని గరాజ్ తలుపు తెరిచి చేయండి.

రెక్కలతోనే మొదలుపెట్టండి

కిట్‌లోని కాగితంలో ఇంజన్ గొట్టం పని ముందు ఉంటుంది. నేను రెక్కలతో మొదలుపెడతాను. లప్పం ఆరడానికి సమయం పడుతుంది, ఆ లోపు మిగతావి చేసుకోవచ్చు.

రెక్కలు లేజర్‌తో కోసి పలకలో ఉంటాయి. చేత్తో విరిచేయకండి. అతుక్కుని ఉన్న చిన్న చుక్కలను కత్తితో తెంపి తీయండి. పలకలో చెక్క గీతలు ఏ దిక్కుగా ఉన్నాయో ఒకసారి చూడండి. గీతలు రెక్క ముందు అంచుకు సమాంతరంగా ఉంటాయి. రేపు మీరు సొంతంగా రెక్కలు కోసుకున్నా ఇలాగే కోయాలి. అడ్డంగా కోస్తే నేలకు తగిలిన మొదటిసారే పుటుక్కున విరుగుతుంది.

నాలుగింటినీ పేకముక్కల్లా దొంతర పెట్టి, అంచులు కలిపి పట్టుకుని, బల్ల మీద పరిచిన 220 కాగితం మీద రుద్దండి. అప్పుడు నాలుగూ ఒకే కొలతకు వస్తాయి. తర్వాత విడదీసి, ఒక్కోదాని ముందు అంచును గుండ్రంగా, వెనక అంచును పల్చగా రుద్దండి. గాలి గుండ్రటి అంచు మీంచి సాఫీగా జారుతుంది, పల్చటి అంచు దగ్గర తక్కువ సుడులతో విడిపోతుంది. గొట్టానికి అతికే అంచును మాత్రం ముట్టుకోవద్దు, అది బల్లపరుపుగానే ఉండాలి. ఏ అంచు ఏదో పెన్సిల్‌తో రాసుకోండి. రుద్దుతూ రుద్దుతూ మర్చిపోయి అతికే అంచునే గుండ్రం చేసేయడం అందరికీ ఒకసారైనా జరుగుతుంది.

ఇప్పుడు లప్పం. బల్సా నిండా సన్నటి రంధ్రాలు, గాళ్ళు. వాటిని పూడ్చకుండా రంగు కొడితే ఎన్ని కోట్లు వేసినా చెక్క చెక్కలాగే కనిపిస్తుంది. వుడ్ ఫిల్లర్‌లో కొద్దికొద్దిగా నీళ్ళు కలిపి చిక్కటి మజ్జిగలా చేసుకోండి. కుంచెతో రెక్క రెండు వైపులా ఒకేసారి పూయండి. ఒక వైపే పూసి వదిలేస్తే ఆ తడికి రెక్క అప్పడంలా వంగిపోతుంది. వంగితే కంగారు లేదు, రెండో వైపు కూడా పూసి, ఆరాక బరువైన పుస్తకాల కింద రాత్రంతా పెట్టండి. పూర్తిగా ఆరిన తర్వాత 400తో రుద్దండి. ఎంత రుద్దాలి అంటే, పూసినదంతా దాదాపు పొడిగా పోయి గాళ్ళలో ఉన్నది మాత్రం మిగిలేదాకా. రెక్కను కిటికీ వైపు ఏటవాలుగా పట్టుకుని చూస్తే ఇంకా ఎక్కడ గీతలున్నాయో తెలుస్తుంది. అక్కడ మళ్ళీ పూయండి. బిగ్ బర్తాకు నాకు రెండుసార్లు సరిపోతుంది.

దీనికి ఇంకో దారి ఉంది, ఈ మధ్య నాకు అదే ఎక్కువ ఇష్టం. రెక్కకు కాగితం తొడగడం. పెద్ద సైజు అడ్రస్ లేబుల్ షీటు తీసుకుని రెక్కకన్నా కాస్త పెద్దగా కత్తిరించి, ఒక వైపు నుంచి ముందు అంచు మీదుగా రెండో వైపుకు మడిచి అతికించండి. గరిటె వీపుతో గట్టిగా రాసి గాలి బుడగలు తీయండి. మిగిలిన కాగితాన్ని కొత్త బ్లేడుతో కోసేసి, కోసిన అంచుల వెంట వుడ్ గ్లూ పల్చగా రాసి ఆరనివ్వండి. లేకపోతే రంగు తడికి కాగితం అంచులు లేస్తాయి. లప్పం కన్నా తక్కువ పొడి, తక్కువ సమయం, పైగా రెక్క చాలా గట్టిపడుతుంది. అతికే అంచుకు మాత్రం కాగితం తగలనివ్వకండి. బంక చెక్కను పట్టాలి.

ఇంజన్ గొట్టం

రెక్కలు ఆరుతుండగా దీన్ని ముగించవచ్చు. చిన్న గొట్టానికి ఇంజన్ కొక్కెం, లోపల ఆపుడు రింగు, బయట రెండు అట్ట రింగులు. కిట్‌లో బొమ్మలున్నాయి, వాటిని అనుసరించండి. ఒక్క చోట జాగ్రత్త కావాలి. పసుపు గ్లూ రాసిన పెద్ద గొట్టంలోకి దీన్ని తోసేటప్పుడు మధ్యలో ఆగితే అక్కడే పట్టేస్తుంది, తర్వాత కదలదు. మా మొదటి రాకెట్‌లో అరంగుళం బయటే బిగుసుకుపోయింది. అందుకని ముందు గ్లూ లేకుండా రెండుసార్లు తోసి చూడండి, బిగువుగా ఉంటే రింగుల అంచు కాస్త రుద్దండి, ఎక్కడిదాకా వెళ్ళాలో గుర్తు పెట్టుకోండి. గ్లూ రాశాక ఊపిరి బిగబట్టి ఒకే తోపులో లోపలికి పంపండి.

గొట్టం మీద మెలికలు తిరుగుతూ సన్నటి గాడి ఒకటి కనిపిస్తుంది, కాగితం చుట్టిన గుర్తు. అందులో అదే మజ్జిగ లప్పం వేలితో పూసి, ఆరాక తేలికగా రుద్దండి. గట్టిగా రుద్దితే కాగితం పీచు లేస్తుంది.

రెక్కలు నిలబెట్టడం

కిట్‌లో ఇచ్చిన కొలత కాగితాన్ని గొట్టం చుట్టూ చుట్టి గుర్తులు పెట్టండి. ఆ గుర్తుల నుంచి గొట్టం పొడవునా గీతలు గీయాలి. గుండ్రటి గొట్టం మీద స్కేలు జారుతుంది కదా, గొట్టాన్ని తలుపు ఫ్రేము మూలలో ఆనించి ఆ అంచు వెంట పెన్సిల్ లాగండి. గీత తిన్నగా వస్తుంది.

గీత ఉన్న చోట గొట్టం మీది మెరుపు పొరను 220తో కాస్త గరుకు చేయండి, గ్లూ లోపలికి ఇంకుతుంది. రెక్క అంచుకు గ్లూ రాసి గీత మీద ఒకసారి అద్దండి, వెంటనే తీసేయండి. ఒకటి రెండు నిమిషాల్లో రెండు వైపులా జిగటగా అవుతుంది. అప్పుడు మళ్ళీ పల్చగా రాసి నిలబెట్టండి. ఇలా రెండుసార్లు రాస్తే అరనిమిషంలో పట్టు దొరుకుతుంది, రెక్క పక్కకు వాలదు. గొట్టం వెనక నుంచి ఒక కన్ను మూసి చూస్తే నాలుగు రెక్కలూ కూడిక గుర్తులా కనిపించాలి. బాగా అతికిన రెక్కను పీకితే గొట్టం కాగితం చీలి వస్తుందే గానీ అతుకు ఊడదు.

పూర్తిగా ఆరాక రెక్కకూ గొట్టానికీ మధ్య మూలలో గ్లూ నింపి గుండ్రం చేయాలి. దీన్ని ఫిల్లెట్ అంటారు. బలమూ వస్తుంది, రెక్క గొట్టంలోంచే మొలిచినట్టు అందమూ వస్తుంది. గొట్టాన్ని పడుకోబెట్టి, పైకి చూస్తున్న రెండు రెక్కల మధ్య మూలల్లో సన్నటి తీగలా గ్లూ వేసి, తడి వేలితో ఒక్కసారి లాగండి. రెండోసారి లాగితే గీతలు పడతాయి. అలాగే పడుకోబెట్టి ఆరనివ్వండి, నిలబెడితే కిందికి కారుతుంది. నాలుగు రెక్కలకు నాలుగు దఫాలు. టీవీ చూస్తూ చేసుకునే సాయంత్రం పని ఇది. మామూలు గ్లూలో ఆరేటప్పుడు బుడగలు వచ్చి సూది బెజ్జాలు మిగులుతాయి. చెక్క అలంకార పట్టీలు అతికించే చిక్కటి గ్లూ విడిగా దొరుకుతుంది, ఫిల్లెట్లకు అది చాలా మేలు.

ఎగరేసేటప్పుడు రాకెట్‌ను తిన్నగా నిలబెట్టే కడ్డీ దూరే, లాంచ్ లగ్ అనే చిన్న స్ట్రా లాంటి గొట్టాన్ని కూడా ఈ దశలోనే తిన్నగా అతికించండి. పారాచూట్‌ని, రాకెట్ ముక్కును (పై మొనను) గొట్టానికి కట్టి ఉంచే సాగే తాడును కిట్‌లోని మూడు మడతల కాగితంతో లోపల అతికించేటప్పుడు, ఆ మడత గొట్టం నోటికి కనీసం ముక్కు లోపలికి దిగేంత దూరంలో ఉండేలా చూడండి. లేదంటే ముక్కు బిగుసుకుపోయి పారాచూట్ బయటికి రాదు. అప్పుడు రాకెట్ బాణంలా నేలలో దిగబడుతుంది.

ముక్కు ప్లాస్టిక్‌ది. దాని రెండు పక్కలా అచ్చు గీత ఉంటుంది. 220తో ఆ గీత పోయేదాకా, తర్వాత 400తో మొత్తం రుద్ది, సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టండి. జిడ్డు ఉంటే రంగు పట్టదు.

ప్రైమర్, రంగు

ముందు మూయాల్సినవి మూయండి: ఇంజన్ గొట్టం లోపల, లాంచ్ లగ్ రంధ్రం, గొట్టంలోకి దిగే ముక్కు భాగం. వీటిలో రంగు పడితే బిగుసుకుంటాయి. పట్టుకోవడానికి వాడేసిన ఇంజన్ డబ్బాను ఒక కర్రకు బిగించి వెనక నుంచి దూర్చండి. లేకపోతే న్యూస్‌పేపర్‌ను గట్టిగా చుట్టి దూర్చినా సరిపోతుంది.

ప్రైమర్‌లో గాళ్ళు నింపే రకం, ఫిల్లర్ ప్రైమర్, తీసుకోండి. రెండు పల్చటి కోట్లు వేసి, మర్నాడు 400తో రుద్దండి. రుద్దుతుంటే ఎత్తైన చోట్ల అడుగు కనిపిస్తుంది, పల్లాల్లో ప్రైమర్ నిలుస్తుంది. భయపడకండి, జరగాల్సింది అదే. ఎక్కువ భాగం రుద్దుకుపోవడం వల్ల బరువు కూడా పెద్దగా పెరగదు. మళ్ళీ ఒక కోటు వేసి, మళ్ళీ రుద్దండి. మా అమ్మాయి ఈ దశను కళ్ళు మూసుకుని వేళ్ళతో చూస్తుంది. కంటికన్నా వేలికి ముందు తెలుస్తుంది. పసుపు, నారింజ లాంటి రంగులు వేయాలనుకుంటే తెల్ల ప్రైమర్ వాడండి. బూడిద రంగు మీద అవి మాసినట్టు కనిపిస్తాయి.

రంగుకు వాతావరణం చూసుకోవాలి. తేమ ఎక్కువున్న రోజు మెరుపు రంగు పాలు విరిగినట్టు తెల్లబారుతుంది. మాకు జూన్‌లో పొద్దున్నే ఉక్క, మధ్యాహ్నం ఎండ మంట, అందుకని సాయంత్రం నీడలో వేస్తాం. డబ్బాను గోరువెచ్చటి నీళ్ళలో కొన్ని నిమిషాలు ఉంచి, బాగా కుదిపి, అడుగు దూరం నుంచి కొట్టండి. పొయ్యి మీద, వేడి నీళ్ళలో డబ్బా ఎన్నడూ పెట్టకండి. నొక్కడం రాకెట్ అవతల మొదలుపెట్టి, దాని మీదుగా లాగి, ఇవతల దాటాక ఆపండి. మొదటి రెండు కోట్లు పొగమంచులా ఉంటే చాలు, అడుగు కనిపించినా సరే. పది నిమిషాల విరామాలతో వేసి, చివరిది మాత్రం కాస్త తడిగా, మెరిసేలా వేయండి. ఆ తడి కోటే అద్దంలా పరుచుకుంటుంది. ఇంకొంచెం కొడదామని చేయి లాగుతుంది చూడండి, కారడం మొదలయ్యేది అక్కడే.

ఇప్పుడు నాకు బాగా నొప్పి కలిగించిన పాఠం. వారం రోజులు రుద్దిన రాకెట్‌కు ఎర్ర రంగు వేశాను. మూడు గంటల తర్వాత ఒక చోట పల్చగా ఉందని మళ్ళీ కొట్టాను. నిమిషంలో రంగంతా ముడతలు పడి ఎండిన మిరపకాయ తోలులా అయింది. పై పొర ఆరి, లోపలి పొర ఇంకా మెత్తగా ఉన్నప్పుడు కొత్త రంగులోని ద్రావకం లోపలికి దిగి దాన్ని ఉబ్బిస్తుంది. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది: ఫలానా సమయంలోపు మళ్ళీ వేయండి, లేదా ఇన్ని గంటలు దాటాక వేయండి అని. కొన్ని డబ్బాల మీద అది ఒక గంటలోపు, లేదా 48 గంటల తర్వాత. దాన్ని తప్పకుండా పాటించండి. ఒక కంపెనీ ప్రైమర్ మీద ఇంకో కంపెనీ రంగు వేయాలంటే ముందు అట్టముక్క మీద వేసి చూడండి. ఆరిందో లేదో తెలుసుకోవడానికి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. రంగు వాసన వస్తోందంటే ఇంకా ఆరలేదు.

రెండో రంగు వేయాలంటే మొదట లేత రంగు, తర్వాత ముదురు. టేప్ అతికించి అంచును గోరుతో నొక్కాక, ఆ అంచు మీద ముందు కింది రంగునే పల్చగా కొట్టండి. సందులేమైనా ఉంటే ఆ రంగే పూడ్చేస్తుంది, రెండో రంగు లోపలికి పాకదు. గీత కత్తితో కోసినట్టు వస్తుంది. టేప్‌ను వెనక్కి మడిచినట్టుగా మెల్లగా లాగండి.

డెకాల్స్ (రాకెట్ మీద అంటించే బొమ్మలు, అక్షరాలు) నీళ్ళలో నానబెట్టి జార్చే రకమైతే, నీళ్ళలో గిన్నెల సబ్బు ఒక చుక్క వేయండి. రాకెట్ మీద కూడా ఆ తడి రాస్తే డెకాల్ అటూ ఇటూ జరుగుతుంది, సరిచేసుకునే వీలుంటుంది. కుదిరాక టిష్యూతో మధ్య నుంచి బయటికి అద్దండి. ఒక రాత్రి ఆరాక పైన పల్చగా క్లియర్ కోటు. అదీ ముందు అట్టముక్క మీద వేసి చూశాకే.

ఎగరేసే రోజు

లప్పం, రంగు ఎక్కువగా వెనక రెక్కల మీదే పడతాయి కాబట్టి బరువు వెనక్కి జరుగుతుంది. రాకెట్ తిన్నగా వెళ్ళాలంటే బరువు కేంద్రం, గాలి ఒత్తిడి కేంద్రానికి (గాలి తోపు మొత్తం పనిచేసే చోటుకు) కనీసం గొట్టం లావు అంత ముందు ఉండాలి. ఇంజన్, పారాచూట్ అన్నీ పెట్టి, సమతూకం వచ్చే చోట తాడు కట్టి తల చుట్టూ తిప్పండి. ముక్కు ముందుకు పెట్టి తిరిగితే సరే. పల్టీలు కొడితే ముక్కులో కొంచెం మోడలింగ్ క్లే ముద్ద పెట్టాలి.

ఇంజన్ మీది గుర్తు చదవడం తేలిక. బి6-4 అంటే బి తరగతి శక్తి (5 న్యూటన్-సెకన్ల లోపు, ప్రతి అక్షరానికీ ఈ హద్దు రెట్టింపవుతుంది), సగటున 6 న్యూటన్ల తోపు, మందు అయిపోయిన 4 సెకన్లకు పారాచూట్‌ను బయటికి తోసే చిన్న పేలుడు. మీ కిట్ ప్యాకెట్ మీద రాసిన ఇంజన్లే వాడండి. పారాచూట్ కాలకుండా, మంటకు కాలని కాగితాన్ని వదులుగా నలిపి ముందు గొట్టంలో దూర్చి, పారాచూట్‌కు బేబీ పౌడర్ రాసి మడిచి పెట్టండి, అంటుకోకుండా విచ్చుకుంటుంది.

అమెరికాలో జాతీయ రాకెట్రీ సంఘం నియమాల ప్రకారం డి తరగతి దాకా ఇంజన్లకు 15 అడుగుల దూరంలో నిలబడాలి, బి ఇంజన్‌కు 200 అడుగుల, సి ఇంజన్‌కు 400 అడుగుల వెడల్పున్న మైదానం కావాలి. గాలి గంటకు 20 మైళ్ళు దాటితే ఆ రోజు ఇంటికి వెళ్ళిపోండి. ఇంజన్‌ను ముట్టించే కంట్రోలర్ బటన్ నొక్కినా అంటుకోకపోతే, దాని తాళం చెవి తీసేసి పూర్తిగా ఒక నిమిషం ఆగండి, ఆ తర్వాతే దగ్గరికి వెళ్ళండి. పిల్లల్ని పట్టుకుని ఆపాల్సింది ఆ ఒక్క నిమిషమే.

దిగిన రాకెట్‌ను తడిగుడ్డతో ఆ సాయంత్రమే తుడవండి, వెనక పేరుకున్న మసి ఆలస్యమైతే రంగును పట్టేస్తుంది. ఫిల్లెట్లలో పగులుందేమో, సాగే తాడు కాలిందేమో చూడండి. మిగిలిన ఇంజన్లను కారు డిక్కీలో వదలకండి. ఎండలో వేడెక్కి రాత్రి చల్లబడుతూ ఉంటే లోపలి మందు పగుళ్ళిచ్చి, తర్వాతిసారి ముట్టించగానే ఇంజన్ పగిలిపోవచ్చు. ఇంట్లో, పొయ్యికి దూరంగా, పిల్లలకు అందని అలమరలో పెట్టండి.